గేటు లోపలి నీళ్ళు

కవరాల్ ఉతికే ముందు జేబులు తడమాలి. మా ఆయన జేబుల్లో ఏముంటాయో నాకు కంఠతా వచ్చు. తెగిన రబ్బరు రింగు, సుద్దముక్క, చేతులు తుడుచుకుని మరిచిపోయిన నూలు ఉండ, ఒక్కోసారి నట్టు. అలాంటి నట్టే ఒకటి కిందటి వేసవిలో మా బట్టల మిషను డ్రమ్ముకి బొక్క పెట్టింది. బాగుచెయ్యడానికి వచ్చిన మనిషి డ్రమ్ములో వేలు పెట్టి, ఆ వేలు వాసన చూసుకుని, "అమ్మా, ఇది బట్టలు ఉతికే మిషనా, లారీలు కడిగే మిషనా?" అని అడిగాడు. మా ఆయన పక్కగదిలోంచి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అప్పట్నుంచీ కవరాల్‌ని ముందు పెరట్లో తొట్టిలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, నల్లనీళ్ళు రెండు మూడుసార్లు పారబోసి, ఆ తర్వాతే మిషనులో వేస్తున్నాను. మెడ నుంచి చీలమండ దాకా ఒకటే గుడ్డ, అదీ మందపాటి గుడ్డ. తడిసిందంటే తాగి పడిపోయిన మనిషిని లేపినట్టు రెండు చేతులూ వేసి లేపాలి.

మేమిద్దరం ఒకే కంపెనీలో పనిచేస్తాం. మా కంపెనీ చమురు తియ్యదు. తీసేవాళ్ళకి పైపులు, పనిముట్లు, బావిలోకి పంపే మందు కలిపిన బురద, వీటన్నిటితో పనిచేసే మనుషుల్ని సరఫరా చేస్తుంది. బావుల దగ్గర వాడిన పనిముట్లని మా యార్డుకి తెచ్చి, కడిగి, విప్పి, గ్రీజు పూసి మళ్ళీ పంపుతారు. ఆ వర్క్‌షాపుకి మా ఆయన ఫోర్‌మన్. నేను పర్యావరణ విభాగం. విభాగం అంటే పదిమంది ఉంటారనుకునేరు, నేనొక్కదాన్నే. ఎంత కరెంటు కాలింది, ఎన్ని నీళ్ళు వాడాం, ఎంత చెత్త బయటికి పంపాం, అన్నీ చూసి ఏడాదికోసారి రిపోర్టు రాస్తాను. ఎక్కడికో శిక్షణకి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ మా యార్డు మేనేజరుకి పచ్చదనం పిచ్చి పట్టుకుంది. ప్లాస్టిక్ గ్లాసులు తీయించేశాడు, గోడలకి ఆకుపచ్చ రంగు కొట్టించాడు, వచ్చిన ప్రతి పెద్దమనిషి చేతా ఒక మొక్క నాటించాడు. వర్క్‌షాపులో అందరూ ఆయన్ని పచ్చసారు అంటారు, ఆయన ఎదురుగా తప్ప.

ఆ మొక్కలకి నీళ్ళు పోయించే బాధ్యత నాదే. మీటింగుకి టీ తెప్పించేదీ నేనే. "మీ చేతిలో పెడితే పద్ధతిగా జరుగుతుంది మేడమ్," అంటాడు పచ్చసారు. నా తర్వాత చేరిన స్టోర్సు అతను కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంటే, కెమిస్ట్రీలో పీజీ చేసిన నేను కప్పులు సరిపోతాయో లేదో చూసుకుంటూ ఉంటాను. మా ఆయన కూడా ఆ మీటింగుల్లో ఉంటాడు. అక్కడ నన్ను మేడమ్ అంటాడు. "మేడమ్, నాకు చక్కెర తక్కువ," అంటే అందరూ నవ్వుతారు. నాది ఇప్పటికీ ఏటేటా పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. కాబట్టి నేను కూడా నవ్వుతాను, టీ కూడా పద్ధతిగానే వస్తుంది.

అసలు సంగతి లాండ్రీ గురించి. యార్డులో వెనకవైపు షెడ్డులో కవరాల్స్ ఉతకడానికి పెద్ద మిషన్లు ఉండేవి. షిఫ్టు అయ్యాక మగవాళ్ళు వాటిని విప్పి బుట్టలో పడేసి ఇంటికి పోయేవాళ్ళు, మర్నాడు ఉతికినవి తొడుక్కునేవాళ్ళు. ఆ షెడ్డులోంచి వచ్చే జిడ్డునీళ్ళు నూనెని వేరుచేసే ట్యాంకులోకి పోయేవి. కిందటేడు అన్ని యార్డులూ నీళ్ళ వాడకం తగ్గించాలని హెడ్డాఫీసు నుంచి ఆదేశం వచ్చింది. పచ్చసారు అందర్నీ ఆలోచనలు చెప్పమన్నాడు, మంచి ఆలోచనకి బహుమతి ఉంటుందన్నాడు. గెలిచినవాళ్ళ పేరు ప్రకటిస్తూ మెయిలు పంపే పని నాకు పడింది. ఆయన చెప్తుంటే టైపు చేస్తున్నదాన్ని పేరు దగ్గర ఆగిపోయాను. మా ఆయన పేరు. లాండ్రీ మూసేద్దాం, ఎవరి కవరాల్ వాళ్ళు ఇంటికి తీసుకుపోయి ఉతుక్కుందాం, ఇళ్ళల్లో ఎలాగూ రోజూ బట్టలు ఉతుకుతారు కదా. ఇదీ ఆ మంచి ఆలోచన. ఉతుక్కుందామట. పన్నెండేళ్ళ కాపురంలో బట్టల మిషను మూత ఎటువైపు తెరుచుకుంటుందో చూసిన పాపాన పోలేదు ఆ మనిషి. నాకు ఒళ్ళు మండింది. అయినా మెయిలు పంపాను. చివర్లో అభినందనలు అని కూడా పెట్టాను.

ఆ సాయంత్రం మా ఆయన బహుమతిగా వచ్చిన గోడగడియారం చంకలో పెట్టుకుని, కవరాల్ ఉన్న సంచి చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాడు. గడియారం అత్తయ్యకిచ్చాడు, సంచి నాకిచ్చాడు.

"ముందు నాతో ఒక మాట అనొచ్చుగా," అన్నాను.

"అనడానికి ఏముంది? మిషను ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది. అందులో ఇంకోటి పడితే కొంప మునుగుతుందా?"

"మొగుడి బట్టలు ఉతకడం కూడా ఒక పనేనా అమ్మాయ్?" అంది అత్తయ్య. ఆవిడ గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. ఎత్తిపొడుపైతే ఏదో ఒకటి జవాబు చెప్పేదాన్ని.

షెడ్డు మూశాక యార్డులో నీళ్ళ వాడకం మూడో వంతు తగ్గింది. మీటర్లు చూసి నేనే లెక్క కట్టాను. లెక్కలో తప్పు లేదు. మీటరు గేటు లోపల ఉంటుంది, నేను కూర్చునే కుర్చీ గేటు లోపల ఉంటుంది, రిపోర్టు కూడా గేటు లోపలి సంగతే. మా పెరటి కాలువ ఎంత నల్లబడిందో అందులో రాయడానికి గడి లేదు. హెడ్డాఫీసు వాళ్ళు పంపిన నిబంధనల్లో కాపాడుకోవాల్సిన వనరులు వరసగా ఉంటాయి. నీళ్ళు, కరెంటు, డీజిలు, నేల. ఆడవాళ్ళ చేతులు ఉండవు. అవి ఎప్పటికీ అయిపోవని వాళ్ళ నమ్మకం కాబోలు. నేను ఆ పేజీలు ఎన్నోసార్లు చదివాను, చదివిన ప్రతిసారీ బాగానే ఉన్నాయనిపించింది కూడా. మా ఇంట్లో తొట్టి ముందు వంగి నడుం పట్టేసినప్పుడు కూడా ఆ రెండిటికీ ముడిపెట్టుకోవాలని నాకు తోచలేదు. ఆఫీసు ఆఫీసే, ఇల్లు ఇల్లే అని ఎవరో నా బుర్రలో గోడ కట్టేసినట్టు ఉండేది.

చలికాలం వెళ్ళేసరికి మా పాపకి మెడ చుట్టూ, నడుం చుట్టూ ఎర్రటి దద్దుర్లు లేచాయి. సరిగ్గా యూనిఫాం కాలరూ, స్కర్టు ఎలాస్టిక్కూ ఆనేచోట. క్లాసులో గోక్కుంటూ ఉందని టీచరు పక్క పిల్లల్లోంచి లేపి విడిగా కూర్చోబెట్టిందట. "నాకు అంటుజబ్బా అమ్మా?" అని అడిగింది.  చర్మం డాక్టరు పాప మెడ చూసి, సబ్బు మార్చారా, పౌడరు మార్చారా అని అడిగి, ఆఖరికి నా చేతులు పట్టుకుని చూసింది. వేళ్ళ సందుల్లో తోలు ఊడుతోంది, చాన్నాళ్ళ నుంచి. నేను దాన్ని జబ్బనుకోలేదు, పనిలో భాగం అనుకున్నాను. "ఇంట్లో ఎవరైనా గ్యారేజీలో పనిచేస్తారా?" అంది. చెప్పాను. "ఆ బట్టలు పిల్ల బట్టలతో కలపకండి. అసలు ఇంటికే రాకపోతే మంచిది," అని పాపకీ నాకూ ఒకటే పూతమందు రాసింది.

ఇంటికొచ్చి ఈ మాట చెప్తే అత్తయ్య వెంటనే, "అయితే పిల్లవి విడిగా చేత్తో ఉతికెయ్యమ్మా," అంది. "అవును, అది మంచిది," అన్నాడు మా ఆయన. మా ఇంట్లో ఏ సమస్యకైనా పరిష్కారం నాకు ఇంకో పని పెరగడమే. సరే, విడిగా ఉతికాను. దద్దుర్లు కొంచెం తగ్గి మళ్ళీ లేచాయి. ఎందుకు లేవవు? తొట్టి అదే, బ్రష్షు అదే, ఆరేసే తీగ అదే, ఉతికే చేతులూ అవే.

మా ఆయన చెడ్డవాడని చెప్పడం లేదు నేను. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మెడకి మందు రాసేది ఆయనే. రాస్తూ రాస్తూ, "ఎందుకొస్తున్నాయో ఏమిటో," అని నిజంగానే బాధపడతాడు.  ఎందుకొస్తున్నాయో డాక్టరు చెప్పింది, నేను చెప్పాను, పెరట్లో తీగ మీద కవరాల్ నాలుగు వేపులా చుక్కలు కారుస్తూ వేలాడుతోంది. అయినా ఆయనకి తెలియదు. తెలుసుకుంటే ఆ గడియారం గోడ మీంచి దించాల్సి వస్తుంది మరి.

ఒకరోజు పాప బడి దగ్గర మా వెల్డరు భార్య నన్ను చూసి దగ్గరికొచ్చింది.

"మేడమ్, మీరు మేనేజరు సారుతో ఒక మాట చెప్పాలి. మా సందు మొత్తానికి ఒకటే కుళాయి. నేను కవరాల్ పట్టుకొస్తే చాలు, గొడవకొస్తున్నారు. కాలవంతా జిడ్డు చేస్తున్నానని నిన్న నా బకెట్టు తీసి అవతల విసిరేశారు."

"మీ ఆయన ఏమంటాడు?"

"ఏమంటాడు? నన్నడిగితే నేనేం చేస్తాను, ఈ పద్ధతి పెట్టించింది మేడమ్ వాళ్ళాయనే, పోయి ఆవిణ్ణే అడుగు అన్నాడు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె నా మీద కోపంగా కూడా లేదు. "మీరు చెప్తే సారు వింటారు కదా," అంది ఆశగా. సారు నా మాట వినేది బిస్కెట్ల విషయంలోనే అని ఆమెకి ఎలా చెప్పను? చెప్తానులే అన్నాను.

వెళ్ళి చెప్పాను కూడా. దద్దుర్లు, కుళాయి, కాలువ, అన్నీ చెప్పి, లాండ్రీ మళ్ళీ తెరిపించమని అడిగాను. పచ్చసారు చాలా ఓపిగ్గా విన్నాడు. "బాధగానే ఉంది మేడమ్," అన్నాడు. "కానీ మన లెక్క గేటు దాకానే. బయట వాడిన నీళ్ళు మనకి రావు, మీకు తెలీనిదేముంది? వచ్చే వారం హెడ్డాఫీసు నుంచి చూడ్డానికి వస్తున్నారు. అన్ని యార్డుల కంటే మనమే ముందున్నాం. ఆ నీళ్ళ అంకె మీ నోటితో చెప్పాలి. ఆడవాళ్ళు చెప్తే బావుంటుంది." లేవబోతుంటే గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. "మీ ఆయనకి రాబోయే ఇన్‌చార్జి పోస్టు వాళ్ళే ఖాయం చేసేది. మీ కాంట్రాక్టు కూడా ఈసారి పర్మనెంటు చేయిద్దాం. ఇప్పుడు ఈ గొడవ ఎందుకు చెప్పండి?"

ఇంటికొచ్చేసరికి మా ఆయనకి ఈ సంగతి ముందే తెలిసిపోయింది.

"సారు దగ్గరికెళ్ళి ఏదో అన్నావట?"

"లాండ్రీ తెరవమన్నాను."

"ఈ ఒక్క వారం ఓపిక పట్టు. ఇన్‌చార్జి అయ్యానంటే ఇంక కవరాలే వెయ్యను, తెలుసా? షర్టూ ప్యాంటే. నీకు ఈ బాధే ఉండదు."

"మిగతావాళ్ళవి?"

"మిగతావాళ్ళవి వాళ్ళింట్లో వాళ్ళు చూసుకుంటారు. ఊళ్ళో వాళ్ళ బట్టలన్నీ నువ్వు నెత్తికెత్తుకోకు," అని నవ్వుతూ నా భుజం తట్టాడు. ప్రేమగానే తట్టాడు. నేను బాగుంటానన్నదే ఆయన ఉద్దేశం, నా ఒక్కదాన్నీ ఇందులోంచి లాగేస్తే సరిపోతుందనుకున్నాడు. ఒక్క నిమిషం నాకూ ఆశ పుట్టింది. పాప మెడ నయమవుతుంది, నా చేతులు నయమవుతాయి, ఉద్యోగం గట్టిపడుతుంది. ఆ తర్వాత, మా ఆయన పెట్టించిన పద్ధతి వల్ల బకెట్టు విసిరేయించుకున్న మనిషి మళ్ళీ బడి దగ్గర కనిపిస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలా అని సిగ్గేసింది.

హెడ్డాఫీసు నుంచి ఇద్దరొచ్చారు. ఒక లావుపాటి ఆయన, తల నెరిసిన ఒకావిడ. ఆయన ఫోన్లు మాట్లాడుకుంటూ నడిచాడు. ఆవిడ అన్నీ ఆగి ఆగి చూసింది. వర్క్‌షాపులో పసుపు డ్రమ్ముల దగ్గర ఆగి ఇవేంటి అని అడిగింది. నేను చెప్పాను. నూనె అంటిన గుడ్డ ఏదైనా ఈ డ్రమ్ములోనే వెయ్యాలి. నిండాక మూత బిగించి, తూకం వేసి, అనుమతి ఉన్న బండిలో కాల్చేచోటికి పంపుతాం. నా సంతకం లేకుండా నూనె గుడ్డ గేటు దాటడానికి వీల్లేదు.

"గేటు దాటాక?" అంది ఆవిడ.

"దాటినా సరే, కాలి బూడిదయ్యేదాకా పూచీ మాదే మేడమ్," అని పచ్చసారు గర్వంగా అందుకున్నాడు. "ఈ రూలు నేను చాలా గట్టిగా పాటిస్తాను."

మా ఆయన పక్కనే ఉన్నాడు. చూపించమని పచ్చసారు సైగ చేస్తే, చేతిలో ఉన్న గుడ్డతో చేతులు తుడుచుకుని, గుడ్డని డ్రమ్ములో వేసి, మూత పెట్టి గొళ్ళెం బిగించాడు. వేళ్ళకి ఇంకా కొంచెం జిడ్డు మిగిలింది. అలవాటు కొద్దీ దాన్ని తొడకి రాసుకున్నాడు.

ఆ తొడ దగ్గరి గుడ్డ నాకు బాగా తెలుసు. ఎంతసేపు రుద్దినా వదలని చోటు అది. ఒకే నూనె, ఒకే చెయ్యి. ఒక గుడ్డకి డ్రమ్ము, గొళ్ళెం, తూకం, బండి, నా సంతకం. ఇంకో గుడ్డకి మా పెరటి తొట్టి. రెండిటికీ తేడా ఏంటంటే రెండోదానికి చేతులూ కాళ్ళూ పెట్టి కుట్టారు, అంతే. ఇన్నాళ్ళూ నేను నీళ్ళ వైపు నుంచే దేవుళ్ళాడాను. నీళ్ళ విషయంలో నా మాటకి విలువ లేదు. గుడ్డ విషయంలో నా సంతకం ఉంది. అది ఎప్పుడూ నా దగ్గరే ఉంది, నేనే చూసుకోలేదు.

మీటింగులో నీళ్ళ అంకె చెప్పాను. అది నిజమైన అంకె కాబట్టి చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు, మా ఆయన ఆలోచన అని పచ్చసారు పరిచయం చేశాడు, మా ఆయన లేచి నిలబడి సిగ్గుపడ్డాడు. పాప మెడ గురించి అక్కడే చెబుదామని ఒకసారి నోటిదాకా వచ్చింది. చెప్తే బాధగానే ఉంది అంటారు. వాళ్ళ బాధ నాకేం పనికొస్తుంది? టీ కప్పులు తీయించకుండానే బయటికొచ్చేశాను.

షిఫ్టు అయ్యేవేళకి గేటు దగ్గరికెళ్ళాను. గార్డు సాయంతో రెండు ఖాళీ పసుపు డ్రమ్ములు దొర్లించుకొచ్చి గేటుకి ఇటూ అటూ నిలబెట్టాను. "నూనె అంటిన గుడ్డ ఏదీ నా సంతకం లేకుండా బయటికి పోకూడదు, ఎవరిదైనా సరే," అని గార్డుకి చెప్పాను. "రూలు ఉన్నదేగా మేడమ్," అన్నాడు అతను. అవును, ఉన్నదే.

ముందు వెల్డరు వచ్చాడు, ఇంటిబట్టలు వేసుకుని, సంచి భుజాన వేసుకుని. సంగతి చెప్పాను. డ్రమ్ముకేసీ నాకేసీ చూశాడు.

"నిజంగానా మేడమ్?"

"నిజంగానే."

కవరాల్ తీసి డ్రమ్ములో పడేశాడు. ఖాళీ సంచి దులిపి మడిచి జేబులో పెట్టుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. వెనకాల వాళ్ళు కూడా ఒక్కొక్కరే వేశారు. ఒకతను మాత్రం, "మా ఆవిడ ఈ రోజు ఉతుకుతానని నీళ్ళు పట్టి ఉంచింది," అని గొణిగాడు. ఆ నీళ్ళతో ఇంకేమైనా చేసుకోమని చెప్పు అన్నాను.

మా ఆయన వచ్చేసరికి లైను సగం అయింది. అప్పుడే పచ్చసారు హెడ్డాఫీసు వాళ్ళని కారెక్కించడానికి మెట్లు దిగుతున్నాడు.

"ఏంటిది?" అన్నాడు మా ఆయన.

"నూనె గుడ్డండీ. గేటు దాటాలంటే నా సంతకం కావాలి. నేను పెట్టను."

"వాళ్ళు చూస్తున్నారు. పక్కకి జరుగు, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంటికెళ్తే అది మొగుడూ పెళ్ళాల గొడవైపోతుంది. ఇది కంపెనీ గుడ్డ. ఇక్కడే తేలాలి."

"నా పోస్టు పోతుంది."

"పోవచ్చు."

"నీ ఉద్యోగం కూడా."

"తెలుసు," అన్నాను. డ్రమ్ము అంచు గట్టిగా పట్టుకున్నాను. "పాప మెడ చూడండి ఒకసారి. ఎందుకొస్తున్నాయో ఏమిటో అంటారే, అవి ఇందులోంచి వస్తున్నాయి."

ఆయన సంచి వైపు చూశాడు. అందులో ఏముందో అప్పుడే కొత్తగా చూసినట్టు చూశాడు. వెనక మనుషులు ఆగిపోయారు. ఈలోపు తల నెరిసినావిడ మా దగ్గరికొచ్చి డ్రమ్ములోకి తొంగిచూసింది.

"ఇవి రోజూ ఇంటికి తీసుకెళ్తున్నారా?" అని అడిగింది.  పచ్చసారు నోరు తెరిచి మూశాడు. పొద్దున ఆవిడ ముందే గొప్పగా చెప్పుకున్న రూలు అది, కాదనడానికి లేదు. మా ఆయన సంచిలోంచి కవరాల్ తీసి, మెల్లగా డ్రమ్ములో వేసి, చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

పచ్చసారు తేరుకుని నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. "బాగానే ఉంది మేడమ్. అన్నీ డ్రమ్ములో వేయించేశారు. రేపు పొద్దున్న షిఫ్టుకి వీళ్ళందరూ ఏం వేసుకుంటారు?"

అందరూ నా వైపు తిరిగారు. పచ్చసారు, గార్డు, లైనులో ఉన్న మగవాళ్ళు, తల నెరిసినావిడ, అందరికంటే ఆత్రంగా మా ఆయన. బట్టల ప్రశ్న ఎక్కడ పుట్టినా చివరికి నా మొహం దగ్గరికే వచ్చి ఆగుతుంది.

"నాకు తెలీదు సార్," అన్నాను.

బట్టల గురించి ఆ మాట అనడం నా కాపురంలో అదే మొదటిసారి.